లేచిందా, కూర్చుందా

ఒమాహా,
4 సెప్టెంబర్ 1986

అక్కా,

ఈసారి నా తలుపు తట్టలేదు!

ముందు ఆ మాట రాసేశాను, ఇక నెమ్మదిగా మిగతాది. ఆ తతంగం నీకు తెలుసుగా. ఆగస్టు చివర్లో ఒక పొద్దున ఒక మనిషి వస్తాడు, చేతిలో కాగితం ఉంటుంది, మొహంలో ఏమీ ఉండదు. "కోచ్‌గారు రమ్మంటున్నారు, నీ పుస్తకం కూడా తీసుకురా" అంటాడు. జట్టు ఆటలన్నీ గీసి ఉన్న పుస్తకం అది. తిరిగి ఇవ్వమన్నారంటే ఇంటికి పొమ్మన్నట్టే. మెంఫిస్‌లో ఇచ్చాను, పోర్ట్‌లాండ్‌లో ఇచ్చాను. టోలెడోలో రెండుసార్లు ఇచ్చాను, ఎందుకంటే మొదటిరోజు పొరపాటున పిలిచారు, మర్నాడు నిజంగానే పిలిచారు. ప్రతిసారీ సీజను నడుమ ఇంకో ఊరు దొరికేది, జనవరికల్లా అదీ అయిపోయేది. మొన్న మంగళవారం ఆ మనిషి అడుగుల చప్పుడు నా గది దాకా వచ్చి ఆగింది. నేను మంచం మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క గది తట్టాడు. పక్కవాడు నాకంటే పదేళ్ళు చిన్న, నాకంటే వేగం, పాపం. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ తర్వాత కిందికి దిగి ఏడు గుడ్లు తిన్నాను.

కాబట్టి ఫుట్‌బాల్‌లో తొమ్మిదో ఏడు, తొమ్మిదో ఊరు. ముందు వరసలో, అదే లైన్‌లో, కుడి చివర నాదే, ఆదివారం నుంచి మొదలు. నా పని మారలేదులే. మనవాడు బంతి పట్టుకుని పరిగెత్తితే ఎదుటివాణ్ణి దారిలోంచి తోసేయాలి, విసిరితే ఆ ఎదుటివాడు బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఆపాలి. ఇన్నేళ్ళలో బంతి నా చేతికి తగిలింది రెండుసార్లు, రెండూ పొరపాటునే.

ఇల్లు బాగుంది, బడి రెండు వీధుల అవతల. టెస్‌కి ఇది ఐదో బడి. మొదటిరోజు టీచరమ్మ పేరడిగితే పేరు చెప్పి, "నేను బహుశా జనవరి దాకా ఉంటాను" అందట. అది విని లొరెటా వంటింట్లో కూర్చుని ఏడ్చింది. ఆ రాత్రే నాతో తేల్చి చెప్పింది. "వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉండమని వీళ్ళు అంటే సరే. అనకపోతే నేనూ పిల్లా మీ అక్క ఊరు వెళ్ళిపోతాం, అక్కడే చదువుతుంది. నువ్వు పదో ఊరు వెళ్తావో ఆట మానేస్తావో నీ ఇష్టం" అంది. అరిచి చెప్పలేదక్కా. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి.

నాకు ఇంతవరకు ఏ ఊళ్ళోనూ రెండో ఏడు లేదు. ఈ ఒక్కసారి కావాలి.

నువ్వు పంపిన కోల్‌బాసీ సాసేజీలు లాకర్ గదిలో విప్పడం నా తప్పే. నాకు ఒక్క ముక్క మిగిలింది.

ఇంకా ఉద్యోగంలో ఉన్న నీ తమ్ముడు,
ఎమిల్


స్లేట్ ఫెర్రీ, పెన్సిల్వేనియా,
17 సెప్టెంబర్ 1986

ఒరేయ్ ఎమిల్,

ఉత్తరం మన బార్‌లో అందరికీ చదివి వినిపించాను, లొరెటా సంగతి తప్ప. ఏడు గుడ్ల దగ్గర అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఇలాంటివి ఫోన్‌లో చెప్పకు నాయనా. ఫోన్ కౌంటర్ మీద ఉంటుంది, నేను "హలో" అన్నానంటే పదకొండుమంది చెవులు రిక్కిస్తారు. ఉత్తరమైతే ఏది చదవాలో ఏది మింగాలో నా చేతిలో ఉంటుంది.

ఇక్కడ కొత్త సంగతులు పెద్దగా లేవు. రెండో ఉక్కు మిల్లు కూడా మూసేశారు, అందుకని నా గిరాకీ మధ్యాహ్నం రెండింటికే మొదలవుతోంది. చర్చిలో శుక్రవారం అమ్మే పిరోగీలు, బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, నూట నలభై డజన్లు చుట్టాం. మిసెస్ ఫెంచాక్ బంగాళాదుంపలో ఉప్పు వేయడం మర్చిపోయి, నేను వేయలేదని ఊరంతా చెప్పుకుంటోంది. దాని మొహం.

ఆదివారాలు మాత్రం పండగే. నీ ఆటలు చూడటానికి బార్ వెనక టీవీ డిష్ పెట్టించి నాలుగేళ్ళయినా మనవాళ్ళకి మోజు తీరలేదు. ఫాదర్ బాసిల్ ప్రార్థన తొందరగా ముగించి, పైన వేసుకున్న ప్రార్థన అంగీ విప్పీ విప్పకుండానే వచ్చి ముందు స్టూల్ ఆక్రమించేస్తాడు. ఆయన పక్కన మన డుర్కో, మిల్లులో ముప్పై ఏళ్ళు క్రేన్ తోలినవాడు. ఇక పందేలు. ప్రతి ఆటకీ బీరు పందెం, పరుగా, విసురా అని. ఎవరూ బంతి వైపు చూడరనుకో, అందరి కళ్ళూ నీ మీదే. వంగి చెయ్యి నేలకి ఆన్చగానే నీ పిర్ర చూసి, "లేచింది!" అనో "కూర్చుంది!" అనో ఒకటే గోల. మొన్న డుర్కో నలభై నాలుగింటికి నలభై ఒకటి కరెక్టుగా చెప్పాడు. క్రేన్ తోలిన కళ్ళు కదా.

కోల్‌బాసీ ఇంకో పెట్టె పంపుతున్నాను. లాకర్ గదిలో విప్పకు, ఇంటికి తీసుకెళ్ళు.

అక్క,
వెరోనా


ఒమాహా,
30 సెప్టెంబర్ 1986

అక్కా,

నిన్న ఫోన్ చేస్తే "ఉత్తరం రాస్తాలే" అని పెట్టేశావు. మళ్ళీ చేస్తే డుర్కో ఎత్తి "శభాష్!" అని అరిచి పెట్టేశాడు. దేనికి శభాష్? ఆదివారం మిల్వాకీ చేతిలో చిత్తుగా ఓడాం. వాళ్ళ పెటిఫర్డ్ నా పక్కనుంచి నాలుగుసార్లు దూసుకుపోయాడు. నాలుగోసారి మా కోలీ మీద పడ్డాడు. కోలీ మా క్వార్టర్‌బ్యాక్, ఇరవై నాలుగేళ్ళవాడు. భుజం దగ్గర ఎముక విరిగింది. నేను కింద పడి ఉండగానే ఆ చప్పుడు వినిపించింది.

అక్కా, పెటిఫర్డ్ నాకంటే బలమైనవాడు కాదు. కానీ మేం ఏం చేయబోతున్నామో ముందే తెలిసినవాడిలా కదిలాడు. ఇంటికొచ్చి ఐస్ పెట్టుకుని కూర్చుని నీ పాత ఉత్తరం మళ్ళీ తీశాను. నలభై నాలుగింటికి నలభై ఒకటా? అది పందెం కాదక్కా, అచ్చు పుస్తకం చూసి చెప్పినట్టుంది. డుర్కో ఏం చూస్తున్నాడు? ఏది లేవడం, ఏది కూర్చోవడం? ఒక్క ముక్క వదలకుండా రాయి.

ఎమిల్


స్లేట్ ఫెర్రీ,
6 అక్టోబర్ 1986

నాన్నా ఎమిల్,

నీ ఉత్తరం చూసి నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెధవలు, మద్యం మీద ఉన్నవాళ్ళు ఏదో నవ్వుకుంటే నేను నీకు రాయడమేమిటి. నీ ఒంటి గురించి అలా రాసి పరువు తీసినందుకు నన్ను క్షమించు. మన నాన్నదీ అదే శరీరం, నాదీ అదే, ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. నీకంతగా బాధైతే కాస్త వదులుగా ఉండే ప్యాంటు అడుగు, ఇవ్వరా?

అడిగావు కాబట్టి చెబుతున్నాను. పరుగైతే నువ్వు ముందుకు ఒరుగుతావు, బరువంతా వేళ్ళ మీద వేస్తావు, పిర్ర పైకి లేస్తుంది. విసురైతే వెనక్కి సర్దుకుంటావు, అదిగో ఆ ఫాదర్ స్టూల్ మీద కూర్చున్నట్టు కిందికి దిగుతుంది. నాలుగేళ్ళుగా అంతే. ముందు కనిపెట్టింది డుర్కో. ఇప్పుడు ఫాదర్ బాసిల్ కూడా చెప్పేస్తాడు. ఆయన మొదట్లో అలా చూడటం పాపమేమోనని సందేహించాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

అందరికీ గట్టిగా చీవాట్లు పెట్టాను. వారం రోజులు పందేలు బంద్ అన్నాను. డుర్కో చిన్నబుచ్చుకుని బయట మెట్ల మీద కూర్చున్నాడు.

మీ కోలీకి సూప్ ఇప్పించు. ఎముకల సూప్, వెల్లుల్లి బాగా వేసి.

నీ
వెరోనక్క


ఒమాహా,
13 అక్టోబర్ 1986

అక్కా,

ప్యాంటు! కోపం మీద ఉన్నా ప్యాంటు దగ్గర నవ్వొచ్చింది, లొరెటా అయితే కడుపు పట్టుకుని కుర్చీలోంచి జారింది. నేను సిగ్గుపడ్డానని ఎవరన్నారు? నూట ముప్పై కిలోల మనిషిని, బిగుతు ప్యాంటు వేసుకుని అరవై వేలమంది ముందు వంగుతాను. నా సిగ్గు పదహారో ఏటే పోయింది.

సంగతి అది కాదు. మీ బార్‌లో పదకొండుమందికి కనిపించేది పెటిఫర్డ్‌కి కనిపించదా? వాడికి జీతమిచ్చేదే అది చూడటానికి. మిమ్మల్నందర్నీ పట్టుకుని కుదిపేయాలనిపించింది. నాలుగేళ్ళు! నాలుగేళ్ళలో ఒక్కడికైనా, "పాపం వాడితో ఒక మాట అందాం" అనిపించలేదా?

నమ్మకం కుదరక ఇంట్లోనే పరీక్ష పెట్టాను. పెరట్లో లొరెటా నా చెవిలో పరుగో విసురో చెప్పేది. నేను వంగి చెయ్యి ఆన్చేవాణ్ణి. టెస్ వెనక కంచె దగ్గర నిలబడి చూసి చెప్పాలి. పదికి తొమ్మిది చెప్పిందక్కా. తొమ్మిదేళ్ళ పిల్ల! పదోది కూడా సరిగ్గా చెప్పేదే, కుక్క అడ్డం వచ్చింది. "నాన్నా, ఇది చాలా ఈజీ" అంది.

ఎనిమిది ఊళ్ళలో ఎనిమిదిమంది కోచ్‌లు ఒకటే మాట అన్నారు, "కష్టపడతావు ఎమిల్, కానీ ఎందుకో కుదరడం లేదు" అని. ఎందుకో ఇప్పుడు తెలిసింది. సొంత కోచ్‌లకి ఇది ఎలా కనిపిస్తుంది చెప్పు. వాళ్ళకి ఆట ముందే తెలుసు, నా వెనక చూడాల్సిన అవసరమేముంది?

ఇప్పుడు నా ప్రాణం మీదికి వచ్చింది. ఊరుకుని సరిదిద్దుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ కోలీ చెయ్యి మెడకి కట్టుకుని రోజూ వస్తున్నాడు, నాతోనే కూర్చుని భోంచేస్తున్నాడు. మా హెల్‌వెగ్ కోచ్‌కి చెబితే ఆ ఎముక నా నెత్తిన పడుతుంది. పుస్తకం తీసుకురా అంటాడు. అంటే రెండో ఏడు లేదు, ఇల్లు లేదు, బడి లేదు. చెప్పకపోతే ఆ పిల్లాడి ఎదురుగా కూర్చుని ముద్ద ఎలా దిగుతుంది? నువ్వేమంటావు?

ఎమిల్


స్లేట్ ఫెర్రీ,
18 అక్టోబర్ 1986

ఎమిల్,

నోరు మూసుకో. నేననేది అదే.

కోలీ ఎముక అతుక్కుంటుంది, ఆ వయసు ఎముకలు అవే అతుక్కుంటాయి. నీ ఉద్యోగం పోతే అతుక్కోదు. పరుగైనా విసురైనా ఒకేలా వంగడం నేర్చుకో, సీజను దాటించు, రెండో ఏడు కాగితం చేతికి తెచ్చుకో. ఆ తర్వాత కావాలంటే వాడి కాళ్ళ మీద పడు. నిజం చెప్పడానికి ఎప్పుడైనా టైం ఉంటుంది.

ఒక్క మాట అననందుకు మమ్మల్ని తిట్టావు. తిట్టు. తిట్లు నాకు కొత్తా? కానీ డుర్కోని మాత్రం అనకు. వాడు నీకు తెలిసే చేస్తున్నావనుకున్నాడట. "వాడు ఇంత పెద్ద ఆటగాడు, వాడి పిర్ర సంగతి వాడికి తెలియదా?" అంటున్నాడు. నిజంగా ఏడ్చినంత పని చేశాడు.

చెప్పొద్దు. అక్క మాట విను.

వెరోనా


ఒమాహా,
3 నవంబర్ 1986

అక్కా,

చెప్పేశాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, సరే నోరు మూసుకుందామనే బయల్దేరాను. పొద్దున టిఫిన్ దగ్గర కోలీ ఎడం చేత్తో బ్రెడ్ మీద వెన్న రాసుకోలేక అవస్థ పడుతున్నాడు. నేను రాసిచ్చాను. "థాంక్స్ ఎమిల్, నువ్వు మంచివాడివి" అన్నాడు. ఇంకేం చేయను? అక్కడే, వెన్న కత్తి చేతిలో పట్టుకునే వాడికి చెప్పేశాను. వాడు ఆ కత్తి నా చేతిలోంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "ముందే చెప్పి ఉంటే నేనూ చూసేవాణ్ణిగా. నీ వెనకే కదా నిలబడతాను" అన్నాడు. నవ్వబోయి భుజం నొప్పెట్టి ఆగిపోయాడు. పూర్తిగా క్షమించాడని అనను. ఇంకా కొంచెం ముభావంగానే ఉన్నాడు, అది వాడి హక్కు.

అక్కణ్ణుంచి తిన్నగా కోచ్ గదికి వెళ్ళాను. పుస్తకం నేనే పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను, అడిగించుకోవడం ఎందుకని. అంతా చెప్పాను. హెల్‌వెగ్ అగ్గిపుల్ల నములుతూ విన్నాడు. ఆయన నవ్వడం ఈ జట్టులో ఎవరూ చూడలేదు, ఆ రోజూ నవ్వలేదు.

"ఎంతమంది?" అన్నాడు.

"ఏమిటి సార్, ఎంతమంది?"

"ఆ బార్‌లో."

"పదకొండుమంది. అందులో ఒక ఫాదర్."

"నాకు ఆరుగురు అసిస్టెంట్ కోచ్‌లున్నారు" అన్నాడు. "ఆరుగురికీ చదువుంది, ఆరుగురికీ కళ్ళున్నాయి." తలుపు తీసి వాళ్ళందర్నీ పిలిచాడు. పాత ఆటల సినిమా రీళ్ళు వేయించాడు. చీకట్లో అందరం కూర్చున్నాం, ఆయనే కర్ర పెట్టి నా వెనకభాగం చూపిస్తూ, "ఇది? ఇది? మరి ఇది?" అని అడిగాడు. అరగంటలో అందరూ మీ బార్‌వాళ్ళలా అరవడం మొదలుపెట్టారు. నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. లైటు వేశాక పుస్తకం నా ఒళ్ళో పడేసి, "పదహారున మిల్వాకీ మళ్ళీ వస్తోంది. అప్పటిదాకా ఇలాగే ఆడు. ఆ రోజు మాత్రం తిరగేసి ఆడు" అన్నాడు.

అర్థమైందా? విసురుకి లేవాలి, పరుగుకి కూర్చోవాలి! ఎడం చేత్తో సంతకం పెట్టినట్టుంది. రోజూ సాయంత్రం పెరట్లో సాధన. టెస్ తప్పు చెప్పినప్పుడల్లా నేనూ లొరెటా గంతులేస్తున్నాం, పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. ఆ రోజు పెటిఫర్డ్‌ని ఆపితే రెండో ఏడు ఉండొచ్చు. ఆపలేకపోతే హెల్‌వెగ్ ఇంకోసారి పుస్తకం తిరిగివ్వడు.

బార్‌లో ఒక్క ప్రాణికీ చెప్పకు. డుర్కోకి అసలే వద్దు.

నీ మాట వినని తమ్ముడు,
ఎమిల్


స్లేట్ ఫెర్రీ,
17 నవంబర్ 1986

ఒరేయ్ నా బంగారం,

ఇంకా చెవులు హోరెత్తుతున్నాయి, ఉండు, వరసగా చెబుతాను.

నేను ఎవరికీ చెప్పలేదు. పెదాలు కుట్టేసుకున్నట్టు కౌంటర్ వెనక గ్లాసులు తుడుస్తూ నిలబడ్డాను. తుడిచిన గ్లాసే పదిసార్లు తుడిచాను. మొదటి ఆట, నువ్వు వంగావు. డుర్కో "లేచింది! పరుగు!" అన్నాడు. బంతి గాల్లోకి పోయింది. సరే, ఏదో ఒకటి తప్పుతుందన్నాడు. రెండోది, "కూర్చుంది!" అన్నారు పదకొండుమందీ. పరుగు. మూడోది తప్పు, నాలుగోది తప్పు. ఫాదర్ బాసిల్ కళ్ళజోడు తీసి జుబ్బాతో తుడుచుకున్నాడు. డుర్కో ఆరు బీర్లు ఓడిపోయాక లేచి, డిష్ చెడిపోయిందేమో, ఇంకేదో పాత ఆట చూపిస్తోందేమోనని బయటికి వెళ్ళి ఆ చలిలో దాన్ని తట్టి వచ్చాడు! వచ్చి కూర్చుని ఇంకో ఐదు ఓడాడు.

ఇక ఆ పెటిఫర్డ్ మొహం చూడాలి. పాపం, ఎటు పోతే అటు నువ్వే. పరుగనుకుని గుద్దుకోవడానికి వస్తే నువ్వు పక్కకి జరిగి నవ్వుతూ పట్టుకున్నావు. మీ కొత్త క్వార్టర్‌బ్యాక్ చొక్కాకి మట్టి అంటలేదు. ఆఖరికి మూడు పాయింట్లతో గెలిచేసరికి నేను కౌంటర్ ఎక్కి నిలబడ్డాను. నలభై ఏడేళ్ళదాన్ని, కౌంటర్ మీద! అప్పుడు గుట్టు విప్పాను. మిగతావాళ్ళు గ్లాసులు కౌంటర్‌కేసి కొట్టి గోల చేశారు. డుర్కో మాత్రం, "వాడు నన్ను మోసం చేశాడు! నన్ను!" అని ఏడుస్తూ నవ్వుతూ అందర్నీ వాటేసుకున్నాడు.

ఇప్పుడు ఇంకో సంగతి రాయాలి. ఇది ఎవరికీ చదివి వినిపించనిది.

దీనివల్ల నీకెంత నష్టమో డుర్కోకి తెలియదు, ఫాదర్‌కీ తెలియదు, కానీ నాకు తెలుసురా. నాలుగేళ్ళ కిందట, డిష్ పెట్టిన నెలలోనే తెలుసు. పదకొండుమంది తాగి చూసి చెప్పేది ఎదుటివాడు తాగకుండా చూసి చెప్పలేడా అని ఆ రోజే అనుకున్నాను. నాన్న నన్ను బార్‌లో పెంచాడు, ఆట తెలియనిదాన్ని కాను. ఒక్క పోస్టుకార్డు రాస్తే సరిపోయేది. రాయలేదు.

ఎందుకో అడుగు. సీజను ముగిసి వాళ్ళు నిన్ను వద్దన్నప్పుడల్లా జనవరిలో నువ్వు ఇంటికొస్తావు. పైగదిలో ఉంటావు. మే నెలదాకా పీపాలు మోస్తావు, డుర్కోతో దెబ్బలాడతావు, టెస్ మెట్ల మీద గెంతుతుంది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు, నాకు ఇరవై. నిన్ను పెంచడం తప్ప నేను ఇంకేం చేశాను? ప్రతి డిసెంబర్‌లోనూ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, నిన్ను ఉంచమని కాదు, పంపించేయమని దండం పెట్టుకునేదాన్ని. నీ మోకాళ్ళ కోసమని నాకు నేనే చెప్పుకున్నాను. మోకాళ్ళ కోసం కాదు.

తర్వాత నువ్వు రాశావు, పిల్ల టీచరమ్మతో జనవరి దాకా ఉంటానందని. ఆ జనవరి నేను కోరుకున్నదే కదా! రెండు రోజులు అన్నం సయించలేదు. నేరుగా చెప్పే ధైర్యం లేక, బార్ కబురులా నవ్వుతాలుగా రాసిపడేశాను. నువ్వు పట్టుకోకపోతే మళ్ళీ రాసేదాన్నో లేదో, ఒట్టేసి చెప్పలేను. తీరా నువ్వు పట్టుకుంటే ప్యాంటు గురించి వాగాను.

చెప్పేశాను. ఇక నీ ఇష్టం.

వెరోనా


స్లేట్ ఫెర్రీ,
9 డిసెంబర్ 1986

ఎమిల్,

మూడు వారాలయింది. తిట్టయినా రాయి.

వె.


ఒమాహా,
23 డిసెంబర్ 1986

అక్కా,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. మొదటిదాంట్లో అన్నీ తిట్లే. రెండోది లొరెటా చించింది. మూడోదాంట్లో "పర్వాలేదు" అని రాశాను, కానీ అది అబద్ధం. పర్వాలేదు కాదక్కా. నాలుగు ఊళ్ళు. టెస్‌కి నాలుగు బడులు. సూ ఫాల్స్‌లో దానికి ఒక స్నేహితురాలుండేది, ఇప్పటికీ పుట్టినరోజుకి ఆ పిల్ల పేరు కేక్ మీద రాయమంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, పెరట్లో కట్టెలన్నీ కొట్టిపడేశాను. పక్కింటివాళ్ళవి కూడా కొట్టాను.

ముందు ఇంకో కబురు. నిన్న హెల్‌వెగ్ పిలిచాడు. అగ్గిపుల్ల నములుతూ, "జూలై ఇరవైన రా. ఆలస్యం చేయకు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "ఎక్కడికి సార్?" అన్నాను. "ఇక్కడికే. ఇంకెక్కడికి?" అన్నాడు. అంతే. బయటికొచ్చి కారులో కూర్చుని తాళం తిప్పడం మర్చిపోయి అరగంట అలాగే ఉన్నాను. ఇంటికెళ్ళి చెబితే లొరెటా పిండి చేతులతోనే నా మొహం పట్టుకుంది. టెస్ మాత్రం, "అయితే మార్చిలో సైన్స్ ప్రదర్శనకి పేరివ్వచ్చా?" అని అడిగి సమాధానం వినకుండానే బయటికి పరిగెత్తింది.

ఇంకో మాట, డుర్కోకి వేరేగా ఒక పెట్టె వస్తుంది. రీళ్ళు, ఒక ప్రొజెక్టర్. వచ్చే ఏడు మేం ఆడబోయే మూడు జట్లవి. పైన హెల్‌వెగ్ తన చేత్తోనే చీటీ రాశాడు, "డుర్కో అండ్ పార్టీకి. ఎవరెవరు లేస్తున్నారో, ఎవరు కూర్చుంటున్నారో రాసి పంపండి" అని. ఆయన పరిహాసమాడే మనిషి కాదు. గుండె జాగ్రత్తని డుర్కోకి ముందే చెప్పు.

ఇక నీ సంగతి. నిన్న రాత్రి లొరెటా ఒక మాట అంది. "మీ అక్క చెప్పకపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. తనకి కావాల్సింది తనే పాడుచేసుకుని చెప్పింది" అంది. నాకు ఒప్పుకోవాలని లేదు. కానీ అది నిజమే.

ఇద్దరం కూర్చుని నీకు శిక్ష ఖరారు చేశాం. ఈ జనవరిలో నేను రావడం లేదు. ఫిబ్రవరిలోనూ రాను, మేలోనూ రాను. పిల్ల బడి జూన్ దాకా ఉంది. నువ్వు ఏ ఖాళీ గదికి భయపడ్డావో అది ఈసారి నీకు తప్పదు. పీపాలు మోయడానికి ఎవరినైనా చూసుకో.

లేదంటే బార్ తాళాలు డుర్కో చేతికిచ్చి ఈస్టర్‌కి నువ్వే ఇక్కడికి రా. ఊరు దాటి ఎన్నేళ్ళయింది నువ్వు? టెస్ తన గదిలో సగం నీకని గీత గీసి పెట్టింది, మంచం కిటికీ వైపు. ఒక వారం అంటే ఒప్పుకోను, నెల ఉండాలి.

బస్సు దిగగానే మాత్రం నేను నీతో మాట్లాడను. నాకు ఇంకా కొంచెం కోపం మిగిలి ఉంది, సరిగ్గా స్టేషన్ నుంచి ఇంటిదాకా సరిపోతుంది. ఇరవై నిమిషాల దారి. ఆ ఇరవై నిమిషాలూ నువ్వే మాట్లాడుతూ ఉండు.

నీ తమ్ముడు,
ఎమిల్